రేవతి దాటేదాకా

అక్కని రేపల్లె తీసుకొచ్చిన రోజు నాకు ఏడుపు రాలేదు. ఆ మాట పట్టుకుని ఇప్పటికీ దెప్పే చుట్టాలున్నారు. దెప్పుకోనీండి.

ఊళ్ళో అప్పుడప్పుడే సెల్‌ఫోన్లు కనపడుతున్న రోజులవి. మెదడులో నరం చిట్లి, అక్క తెనాలి ఆసుపత్రిలో తొమ్మిది రోజులు మిషన్ మీద ఉంది. పదోరోజు పొద్దున డాక్టరుగారు బావనీ నన్నూ పిలిచి, ఇక లాభం లేదన్నారు.

"అయితే మిషన్ ఆపేస్తారాండి?" అని నేనే అడిగాను.

ఆయన ముఖం చిట్లించారు. "ఆ మాట అనకండమ్మా. మేం ఆపం. మీ ఇష్టంమీద ఇంటికి తీసుకెళ్తున్నట్టు సంతకం పెట్టండి."

బావ పెట్టాడు. ఆ రెంటికీ తేడా ఏంటని నేను అడగలేదు.

అంబులెన్సులో మిషన్ లేదు. అక్క గొంతులోని గొట్టానికి నర్సు ఒక రబ్బరు బ్యాగు తగిలించి నా చేతిలో పెట్టింది. "మీరు ఊపిరి పీల్చినప్పుడల్లా నొక్కి వదలండి" అంది. వేమూరు దాటేసరికి నా వేళ్ళు తిమ్మిరెక్కాయి.

అక్కావాళ్ళింట్లో, హాల్లో మంచం మీద పడుకోబెట్టగానే అక్క అత్తగారు నా పక్కన చేరింది. అప్పటికే పంతులుగారిని అడిగి వచ్చిందట.

"ఇంకా రేవతి నక్షత్రమేనంట తల్లీ. పదకొండున్నరకి పోతుందంట. ఈలోపు ప్రాణం పోతే నెలల తరబడి ఇల్లు మూసెయ్యాలి. కాస్త ఓపిక పట్టు, ఆపకు."

ఇంకా నలభై నిమిషాలు. ఒళ్ళు మండిపోయింది నాకు. అయినా నొక్కాను. నిజం చెప్పొద్దూ, ఆ నలభై నిమిషాలూ నాకూ కావాలనిపించింది.

గోడ గడియారంలో పదకొండున్నర అయింది. అందరూ చూశారు. అత్తగారు వంటింట్లోకి వెళ్ళిపోయింది. బావ కిటికీవైపు తిరిగాడు.

"ఆపమని ఒక్కరైనా నోరు తెరిచి చెప్పండి!" అని అరిచాను.

గుమ్మంలో నిలబడ్డ డ్రైవరు మాత్రం, "బ్యాగు ఆసుపత్రిదండి, తిరిగి ఇచ్చెయ్యాలమ్మా" అన్నాడు మెల్లిగా.

ఇంకాసేపు నొక్కాను. తర్వాత, "ఇక నావల్ల కాదే అక్కా" అని చేతులు తీసేశాను. అక్క ఛాతీ మళ్ళీ లేవలేదు.

మధ్యాహ్నం పంతులుగారు వచ్చారు. మంచి వేళ చూసుకునే పోయింది, దేవుడు చల్లగా తీసుకెళ్ళాడు అన్నారు. పుస్తకం తెరిచి, "సరిగ్గా ఎన్నింటికి పోయిందమ్మా?" అని అడిగారు.

అందరూ నావైపు చూశారు.

"పదకొండు ముప్పై ఏడుకి" అన్నాను.