మంగ ఇంటికి వెళ్ళిందని చెప్పాను

ఒక పుస్తకం నా దగ్గర చాలా ఏళ్ళుగా ఉంది. అది నాది కాదు. ఇళ్ళు మారినప్పుడల్లా దాన్ని బట్టల మధ్యలో పెట్టి మోసుకెళ్ళాను, పుస్తకాల అరలో ఎప్పుడూ పెట్టలేదు. నా భార్య ఒకసారి అడిగింది, దీన్ని బీరువాలో ఎందుకు దాచారని. బైండింగ్ ఊడిపోయింది, పాడవుతుందని అన్నాను. ఆమె నమ్మింది. మీకు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాలని కూర్చున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

తొంభైల నడుమ నేను ఏజెన్సీ కొండల్లో విలేకరిని. పాడేరుకు ఇవతల ఒక మండల కేంద్రంలో గది తీసుకుని ఉండేవాణ్ణి. ఊరి పేరు అక్కర్లేదు. వార్తలు రాసి, మధ్యాహ్నం బస్సు డ్రైవరు చేతికి కవరు ఇచ్చేస్తే ఆ రోజుకి నా పని అయిపోయేది. తరువాత చదువుకోవడమే. బస్టాండు వెనక రేకుల కప్పు కింద చిన్న గ్రంథాలయం ఉండేది. అందులో ఉన్న పుస్తకాల్లో సగానికి పైగా నేను ఇంటికి తెచ్చుకుని చదివాను. నెలకోసారి విశాఖపట్నం వెళితే ఆఫీసు పని తొందరగా ముగించుకుని పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు గాలించేవాణ్ణి. కొన్నవన్నీ చదివేవాణ్ణా? లేదు. నా దగ్గర ఉంటే చాలనిపించేది. ఈ గుణాన్ని అప్పట్లో పుస్తకాల మీద ప్రేమ అనుకునేవాణ్ణి.

లైబ్రేరియన్ అప్పారావు గారిది విజయనగరం వైపు. నోట్లో చుట్ట, చేతిలో ఈక చీపురు. పుస్తకాలు పెద్దగా చదివేవాడు కాదు గాని ఎవరు వచ్చినా కూర్చోమని కుర్చీ లాగేవాడు. ఇంటికి పుస్తకం ఇవ్వాలంటే మాత్రం రూలు ఉండేది. డిపాజిట్ కట్టాలి, ఉద్యోగస్తుడు ఎవరైనా జామీను సంతకం పెట్టాలి. కొండ మీది మనుషులకు ఎవరు పెడతారు? కాబట్టి వాళ్ళు అక్కడే కూర్చుని చదువుకోవాలి. చదివేవాళ్ళు కూడా తక్కువే. ఒక పిల్ల ఉండేది.

పేరు కాసులమ్మ. పన్నెండేళ్ళుంటాయేమో. ఆశ్రమ పాఠశాలలో అయిదు దాకా చదివి, తండ్రి పోయాక మానేసింది. తల్లి చిన్నాలమ్మ సంతకి అడ్డాకుల కట్టలు, పిప్పళ్ళు తెచ్చి అమ్మేది. విస్తర్లు కుట్టే ఆ పెద్ద ఆకులకు మైదానం షావుకార్లు పొద్దున్నే బేరం చేసేసేవారు. బేరం అయ్యాక జీపు కదిలే దాకా పిల్ల లైబ్రరీలో ఉండేది. కిటికీ దగ్గర నేల మీద కూర్చుని, వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివేది. చిన్నాలమ్మ గేటు బయట నుంచే కేక వేసేది: "ఏటే, ఇంకా అవ్వలేదేటి? బేగి రా, జీపోడు ఎలిపోతన్నాడు." పిల్ల పుస్తకం అరలో పెట్టి పరిగెత్తేది. మళ్ళీ సంతకే రావడం. నేను ఆమెను చాలాసార్లు చూశాను. ఏం చదువుతున్నావని ఒక్కసారీ అడగలేదు.

ఒక ఏడు కొత్త పుస్తకాలు వచ్చాయి. బీరువాల్లో చోటు లేదు. చిరిగినవి, చెదలు తిన్నవి తీసేసి తూకానికి అమ్మేయమని పైనుంచి కాగితం వచ్చింది. అప్పారావు గారు తల పట్టుకున్నాడు. ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో ఆయనకు తెలియదు. నన్ను పిలిచాడు.

"మీకన్నా సదివినోళ్ళు ఈ ఊర్లో ఎవులున్నారు రిపోర్టరు గారూ. మీరు ఏరీయండి, నాను మోసీస్తాను" అన్నాడు.

ఏరాను. రెండు మధ్యాహ్నాలు కూర్చున్నాను. మొదట నిజాయితీగానే ఏరాను, అది కూడా చెప్పాలి. ముక్కలైనవీ, తడిసి ముద్దయినవీ ఒక గుట్ట. బాగున్నవి ఒక గుట్ట. అప్పుడు ఆ నవల చేతికొచ్చింది. పేరు చెప్పను. దాని గురించి ఎక్కడో ఆదివారం అనుబంధంలో చదివినప్పటి నుంచి వెతుకుతున్నాను. పేవ్‌మెంటు మీద దొరకలేదు, పెద్ద కొట్లలో అచ్చు లేదన్నారు. ఇక్కడ, నా కళ్ళ ముందే ఇన్నాళ్ళూ ఉంది. ఎందుకు చూడలేదు? ఎప్పుడూ కిటికీ దగ్గరి కింది అరలో ఉండేదట.

పుస్తకం గట్టిగానే ఉంది. కొంచెం కుట్టు వదిలింది, అంతే. ఉంచాల్సిన పుస్తకం. అప్పారావు గారు టీకి వెళ్ళాడు. నేను అట్ట పట్టుకుని వెనక్కి విరిచాను. ఊడి వచ్చింది. గ్రంథాలయం ముద్ర ఉన్న మొదటి కాగితాలు చింపాను. ఇప్పుడది చిరిగిన పుస్తకం. చిరిగిన గుట్టలో పెట్టబోతుంటే మధ్యలోంచి ఏదో జారింది. అడ్డాకు ముక్క. చదివిన చోట గుర్తుగా ఎవరో పెట్టుకున్నారు. ఆకు ఇంకా పూర్తిగా ఎండలేదు.

ఎవరో, అని రాశాను. ఎవరో నాకు తెలుసు. ఆ ఊర్లో పుస్తకంలో అడ్డాకు పెట్టుకునే మనిషి ఒక్కరే. తెలిసీ ఆ ముక్కను కిటికీలోంచి బయట పడేశాను.

పాత కాగితాల కొట్టు షావుకారు గుట్టను గోనెల్లో కట్టుకుని వెళ్ళాడు. సాయంత్రం అతని కొట్టుకి వెళ్ళి ఆ ఒక్కటీ వెతికి తెచ్చుకున్నాను. అంతా సక్రమంగా జరిగినట్టే ఉంది. దొంగతనం అనడానికి ఎవరికీ ఆధారం లేదు. వార్త రాసేవాడికి తెలుస్తుంది, ఆధారం లేకపోవడం ఎంత హాయిగా ఉంటుందో.

తరువాతి సంత రోజు నేను లైబ్రరీలో పేపరు చదువుతున్నాను. కాసులమ్మ వచ్చింది. కిటికీ దగ్గరి అరలో వెతికింది. పక్క అరలో వెతికింది. అప్పారావు గారిని అడిగింది. ఆయన చుట్ట తీసి, "అది సిరిగిపోనాదే. తూకానికి పోనాది. సారే ఏరేరు, అడుగు" అన్నాడు. పిల్ల నా దగ్గరికి వచ్చి నిలబడింది. అంతకు ముందు ఎప్పుడూ నాతో మాట్లాడలేదు.

"సారూ, ఆ పుస్తకం మీరు సదివీసేరా?"

"ఏ పుస్తకం?" అన్నాను.

"అదే సారూ, మంగ కత. మంగని సావుకారింట్లో పన్లో ఎట్టీసేరు కదా. ఆల్లు కొడతన్నారని వానలో పారొచ్చీసింది. ఏరు పొంగీసి ఒడ్డునే ఉండిపోనాది. నాను అక్కడి దాకా సదివేను. మరింకేటైంది?"

నేను చదవలేదు. పుస్తకం తెచ్చి పెట్టె మీద పెట్టాను గాని మొదటి పేజీ కూడా తిప్పలేదు. నా గది అక్కడికి కూతవేటు దూరం. లేచి వెళ్ళి తెచ్చి చేతిలో పెడితే సరిపోయేది. కాని అప్పారావు గారు చూస్తున్నాడు. తూకానికి పోయింది మీ దగ్గరెలా ఉందంటాడు. గట్టి పుస్తకం ఎలా చిరిగిందంటాడు.

"వచ్చే సంతకి చెప్తాలే" అన్నాను.

"వొచ్చే సంతకి నానుండను సారూ. వైజాగు ఎల్లిపోతన్నాను. ఒక అమ్మగోరింట్లో పన్లోకి. ఆలింట్లో టీవీ ఉందంట."

అప్పారావు గారు నవ్వాడు. "టీవీ నువ్వు సూడ్డానికేటే, తుడవడానికి" అన్నాడు. పిల్ల కూడా నవ్వింది. "తుడుత్తూ సూత్తాను" అంది. మళ్ళీ నా వైపు తిరిగింది.

"ఇంటికెల్లిందా సారూ?"

"వెళ్ళింది" అన్నాను.

"ఏరు తగ్గీసిందా?"

"తగ్గింది. దాటింది."

"ఆలమ్మ ఉందా?"

"ఉంది. తలుపు తీసింది."

"మరైతే సరే" అంది. గేటు దగ్గర చిన్నాలమ్మ కేక వినిపించింది. పిల్ల వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం పుస్తకం చదివాను. మంగ ఏరు దాటదు. ఒడ్డున ఉండగానే షావుకారు మనుషులు వచ్చి పట్టుకుపోతారు. మళ్ళీ పారిపోదు. ఆ ఇంట్లోనే పెరిగి పెద్దదవుతుంది. చివరి ప్రకరణంలో ఎవరో బాటసారి మీది ఏ ఊరమ్మా అని అడిగితే ఊరి పేరు గుర్తు రాదు. గొప్ప నవల. మూసి పెట్టె అడుగున పెట్టాను. అప్పటి నుంచి మళ్ళీ తెరవలేదు.

నేను ఒక అబద్ధం చెప్పాను, అంతే కదా? పిల్లకి సంతోషకరమైన ముగింపే చెప్పాను. నిజం ముగింపు కన్నా అదే మేలు కదా? ఇలా చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. ఒక్కోసారి నమ్మాను కూడా. ఆమె అడిగింది మంచి ముగింపు కాదు, ఆ పుస్తకం. మంగకు ఏమైందో తన వేలు పెట్టి, తన పెదవులతో చదువుకుని, ఏడవాలనిపిస్తే ఏడ్చే హక్కు ఆమెది. దాన్ని తీసుకుని, ప్రతిగా నా నోటికి వచ్చిన నాలుగు మాటలు ఇచ్చాను.

తరువాత నన్ను విశాఖపట్నం డెస్కుకి మార్చారు. గది ఖాళీ చేస్తూ పుస్తకాల్లో చాలా మటుకు పాత పుస్తకాల కొట్టుకి ఇచ్చేశాను. ఇదొక్కటే ఇవ్వలేకపోయాను. లైబ్రరీకి తిరిగి ఇవ్వచ్చు కదా? ముద్ర కాగితాలు చింపిన పుస్తకాన్ని ఏమని ఇవ్వను? అప్పారావు గారు రిటైరై వెళ్ళిన సంగతి తెలిశాక, ఇక పట్టుకునేవాళ్ళు లేరని తెలిశాక కూడా ఇవ్వలేదు. అప్పుడు ఇవ్వవలసింది లైబ్రరీకి కాదు మరి.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకి, కాఫీ తోటల మీద వ్యాసం రాయడానికి మళ్ళీ అటు వెళ్ళాను. సంచిలో పుస్తకం పెట్టుకున్నాను. కాసులమ్మ ఇప్పుడు పెద్దదై ఉంటుంది, పెళ్ళయి ఉంటుంది, కనబడితే ఇచ్చేసి చెప్పాల్సింది చెప్పేద్దామనుకున్నాను. సంతలో అడ్డాకులమ్మే వరసలో చిన్నాలమ్మ దొరికింది. బాగా చిక్కిపోయింది. నేను గుర్తు పట్టేలోగా తనే పట్టింది.

"పేపరు బాబు కదా. ఎన్నాల్లకి వొచ్చేవు. ముసిలోడివైపోనావు" అంది.

కాసులమ్మ గురించి అడిగాను. చిన్నాలమ్మ ఆకుల కట్ట ఒకటి విప్పి మళ్ళీ కట్టింది.

"మొదటేడు కొత్తల పండక్కి వొచ్చింది బాబూ. మంచి గౌను ఏసుకొచ్చింది. మరింక రాలేదు. ఆ అమ్మగోరికి బదిలీ అయిపోనాదంట. ఎక్కడికో తీసుకెల్లిపోయేరు. పన్లో కుదిర్చినోడి ఎనకాల ఆల ఇంటికి ఎల్లి సూసేను, తాలమేసుంది. ఏ ఈదో గురుతు నేదు."

"అమ్మగారి పేరేంటి?"

"పేరేటో. అమ్మగోరే."

ఆమే మళ్ళీ అంది:

"మా గుంట మంగ కత సెప్పీది. సంత నుంచి ఎల్లి జీపు దిగి నడిసీటప్పుడు, ఆ రోజు సదివిందంతా సెప్పుకొచ్చీది. నాకు సదువు నేదు గాని ఆ కతంతా తెలుసు. ఆకర్న మంగ ఏరు దాటి ఇంటికొచ్చీసింది గదా. నువ్వే సెప్పేవంట. మాదీ అలాగే వొచ్చీస్తాది బాబూ. ఎంత పెద్ద ఏరైనా తగ్గుద్ది గదా."

సంచి నా భుజాన ఉంది. "అవునమ్మా" అన్నాను. ఆమె నన్ను టీ తాగి వెళ్ళమంది. తాగాను. పుస్తకంతోనే తిరిగి వచ్చాను.

ఆ తరువాత నేను వెతకలేదని కాదు. పిల్లల్ని పనికి కుదిర్చే మనిషిని పట్టుకున్నాను. అతను తాను అలాంటి పనే చేయలేదన్నాడు. తెలిసిన ఆఫీసుల్లో అడిగాను. ఇంటి పేరు లేదు, వీధి పేరు లేదు, ఏ శాఖలో బదిలీయో తెలియదు. అందరూ ఒకే మాట అడిగారు, అప్పుడే చెప్పలేకపోయారా అని. వాళ్ళు మామూలుగానే అడిగారు.

ఇంత దూరం వచ్చాక, మీతో నేను ఇంకా నిజం చెప్పలేదని నాకు అర్థమవుతోంది. ఇన్నేళ్ళూ దీన్ని పుస్తకం సంగతిగానే నాలో నేను చెప్పుకున్నాను. అట్ట విరిచాను, కాగితాలు చింపాను, అబద్ధం చెప్పాను. అవి ఒప్పుకోవడం కష్టమే గాని, అవి ఒక చదువరి తప్పులు. విన్నవాళ్ళు కొంచెం నవ్వి క్షమించే రకం. అందుకే వాటి వెనక దాక్కున్నానేమో.

నేను విలేకరిని. చిన్నపిల్లల్ని పనికి పంపడం మీద అంతకు ముందు వార్తలు రాశాను, తరువాతా రాశాను. ఒక పిల్ల నా ఎదుట నిలబడి, ఫలానా ఊరికి, పనికి వెళ్ళిపోతున్నానని తన నోటితో చెప్పింది. తల్లి గేటు దగ్గరే ఉంది. ఎవరింటికి అని అడగడానికి ఒక్క నిమిషం పట్టేది. హాస్టలు వార్డెన్ నాకు తెలుసు, సంక్షేమ శాఖ వాళ్ళు తెలుసు, నా మాట వినేవారు. మళ్ళీ బడిలో చేర్పించడం పెద్ద పని కాదు. అదేమీ నా బుర్రకి తోచలేదని చెప్పగలిగితే బాగుండేది. తోచకపోవడం వేరు.

వచ్చే సంతకి నానుండను, అని ఆ పిల్ల అన్నప్పుడు నాకు కలిగింది బాధ కాదు. హమ్మయ్య అనిపించింది. ఇక వచ్చి అడగదు, అనుకున్నాను.

ఈ రెండు వాక్యాలు రాయలేకే ఇంతసేపూ పుస్తకం గురించి చెప్పాను. క్షమించమని అడగను. అడగవలసిన మనిషి ఎక్కడుందో తెలియదు, ఆమె తల్లిని అడిగితే ఆమెకున్న ఆ ఒక్క ముగింపూ లాగేసుకున్నవాణ్ణవుతాను. రాసినందువల్ల ఎవరికీ ఏమీ తిరిగి రాదు. కాని రాశాను. ఇన్నేళ్ళలో ఈ సంగతి మొదటిసారి నాలోంచి బయటికి వచ్చింది.