బోర్లా పడేసిన పులిమేక బండ

మా చిన్నప్పుడు... పార్కు నుంచి ఇంటికి రాగానే నాయన ముందు నా చేతులు చూసేవాడు. వేళ్లనిండా బలపం పొడి. "గచ్చుల మీద గీతలు గీసి వచ్చినావా మళ్లీ?" అని కసురుకునేవాడు. ఇప్పుడు డిగ్రీ అయింది. పార్కు అంటే చాలు, అమ్మ అడిగేది ఇంకొకటి... "ఎవర్ని కలవను పోతాండావే?"

నాగమ్మవ్వను కలవడానికి! డెబ్బై దాటిన మనిషిని. ఎన్నిసార్లు చెప్పినా మా ఇంట్లో నమ్మరు.

మార్కాపురంలో మా వీధి చివరి పార్కు. రెండు వేపచెట్లు, ఒక జారుడుబల్ల, మధ్యలో నల్లటి పలకరాతి బండ. దాని మీద పులిమేక ఆట గడులు గీసి ఉండేవి. పులులకు చింతగింజలు, మేకలకు పలక పెచ్చులు. ఓడినవాళ్లు చెరిగిన గీతల్ని బలపంతో మళ్లీ దిద్దాలి... పెన్షన్ తాతలైనా, ఒకటో తరగతి పిల్లలైనా. నా చేతుల పొడి అట్లా వచ్చిందే. ఎందుకు గీస్తున్నానో నాయన ఒక్కసారీ అడగలేదు.

నాగమ్మవ్వ ఫ్యాక్టరీలో పలకలు రుద్ది రుద్ది ముసలిదైంది. పులులు ఎప్పుడూ ఆమెవే. "మేకను ఒంటిగా తోలితే పులికి పలారమేనే, పిచ్చిమొగమా!" అని నా పెచ్చు తీసి పడేసేది.

"ఏం నాగక్కా, చంటిపిల్ల మీదనా నీ పౌరుషం?" అనేవాడు ఓ తాత.

"నువ్వు రా మరి, నీ మీసాలకూ బలపం పట్టిస్తా!"

నా మేకలు మొదటిసారి ఆమె పులుల్ని కట్టేసిన రోజు... అవ్వ కొంగు దోపుకుని, వంగి గీతలన్నీ దిద్దింది. తొమ్మిదేళ్ల పిల్ల ముందు! అంత మర్యాద నాకు ఇంతవరకు ఎవరూ చేయలేదు.

ఈ ఎండాకాలం పార్కును "అందంగా" చేశారు. టైల్స్ బాట, ఫోటోలు దిగడానికి గోడ మీద గీసిన రంగుల రెక్కలు, గేటుకు బోర్డు... నడకకు మాత్రమే, కూర్చోరాదు, ఆటలాడరాదు. మోకాళ్లు పోయిన మనిషి ఏం నడుస్తుందండీ? అవ్వ రావడం మానేసింది.

అప్పుడు పీకేసిన బండ మొన్న కనిపించింది. కుళాయి పక్కన మురుగుకాలువకు మూతగా వేశారు... గీతలు కిందికి, బోర్లా. విరిగిన మూలను బట్టి గుర్తుపట్టాను. నిత్యం తడిలో ఉంటే పలకరాయి పొరలు పొరలుగా లేస్తుందని పలకల ఊళ్లో తెలియకుండా పోయిందా?

అవ్వకు చెప్తే మంచం మీద లేచి కూర్చుంది. "తడిలో పెట్టినారా? రెండు నెలలకు పెచ్చులైపోతాదే!"

అమ్మకు చెప్తే, "పదిమందీ ఏమనుకుంటారు? రాళ్లతో నీకేంది?" అంది.

ఒకే బండ చుట్టూ తాతలు, అవ్వలు, పిల్లలు ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. ఇప్పుడు అందరూ ఒకరి వెనక ఒకరు నడుస్తున్నారు... ఎవరి మొహం ఎవరికీ కనపడదు.

మీ పార్కులో మీరు ఎవరి చేతిలో ఓడిపోయేవాళ్లో కింద రాయండి. నాయన కూడా ఇది చదువుతాడు. చదవనీ.

ఆదివారం సాయంత్రం కాలువకు సిమెంటు మూత వేసి, ఆ బండను ఎత్తించి వేపచెట్ల మధ్య వేయిస్తున్నాను. అవ్వను ఆటోలో తీసుకొస్తాను. బోర్డు ఎదురుగానే కూర్చుంటాం. మేకలు నావి.