తోడేలు రాని కంచె

నా చిన్నప్పుడు మా ఇంటి గొర్రెలకు కావలి కాసేవాణ్ణి నేనే. ఈ మాట చెప్పుకోవడానికి ఈ వయసులో కూడా నాకు గర్వంగానే ఉంటుంది. కర్ణాటకలోని పావగడ తాలూకాలో, బలసముద్రానికి నడిచి పోయేంత దూరంలో మా పల్లె. అవి ఎనభైల నాటి కరువు రోజులు. విత్తనం వేస్తే వాన రాదు, వాన వచ్చేనాటికి విత్తనం ఉండదు. వేరుశనగ చేతికొస్తుందన్న నమ్మకం లేనప్పుడు ఇంటి వెనక ముళ్లకంప కంచెలో పడుకునే పద్నాలుగు గొర్రెలే మాకు ధైర్యం.

ఏడేళ్లు నిండినా నేను రాత్రి పక్క తడిపేవాణ్ణి. మా అమ్మ తెల్లవారకముందే లేచి నా బొంతను ఉతికి, ఎవరి కంటా పడకుండా గడ్డివామి వెనక కట్టిన తీగ మీద ఆరేసేది. ఒకరోజు మా నాయన విసుగెత్తి నా మీదికి చెయ్యెత్తాడు. మా తాత ఆ చేతిని పట్టుకుని మెల్లగా కిందికి దించి, బయటికి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం తన బ్యాటరీ లైటు తెచ్చి నా చేతిలో పెట్టాడు. అంతవరకు దాన్ని ఇంట్లో ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

"నాకు కండ్లు సరిగా కనపడ్డం లేదప్పా. గొర్రెల్ని లెక్కబెట్టే మనిషి కావల్ల. నువ్వు ఇస్కూలుకు పోతావు, లెక్క నీకు వస్తాది," అన్నాడు.

ఆనాటి నుంచి రాత్రి ఒకసారి నన్ను లేపి కంచె దగ్గరికి తీసుకుపోయేవాడు. నేను లైటు వేసి, బడిలో నేర్చిన కన్నడ అంకెలతో ఒందు, ఎరడు, మూరు అని లెక్కపెట్టేవాణ్ణి. 'హదినాల్కు' అనగానే తాత తల ఊపేవాడు. తర్వాత కంచె మూలకు నడిపించి, "ఈడ పోసుకోప్పా. మనిషి వాసన తగిల్తే తోడేలు ఈ పక్కకు రాదు," అనేవాడు. తానూ నా పక్కన నిలబడేవాడు. ఒక్కో రాత్రి ఒక్కో మూల. నాలుగు మూలలూ కాపాడాలి కదా.

నేను నమ్మాను. నమ్మడం చిన్న మాట, ఆ పని మీద ప్రాణం పెట్టుకున్నాను. అప్పటికీ కొన్ని పొద్దులు బొంత తడిసే ఉండేది. అప్పుడు తాత, "ఈ రేతిరి తోడేలు ఇంట్లోకే వచ్చేటట్టుండె. బలే కాసినావు," అని బొంతను తానే చుట్టి తీసుకుపోయేవాడు. అది ఏ రోజు నుంచి పొడిగా ఉండసాగిందో నాకు గుర్తులేదు. నా ధ్యాసంతా తోడేలు మీదే ఉండేది. వీధిలో పిల్లలకు దాని అడుగులు చూశానని, కళ్లు చూశానని లేనిపోనివన్నీ చెప్పేవాణ్ణి. మా వీధిలో నేను పెద్ద మొనగాణ్ణి.

రెండేళ్ల తర్వాత ఒక వేసవిలో మా మేనత్త, మామ పని వెతుక్కుంటూ బెంగళూరు వెళ్లారు. ఆరేళ్ల కొడుకును మా ఇంట్లో వదిలిపెట్టారు. వరసకు నాకు మరిది అయ్యే వాడు నన్ను బావా అని పిలుస్తూ నా వెంటే తిరిగేవాడు. అమ్మ కోసం ఏడ్చేవాడు కాదు కానీ వచ్చిన మొదటి రాత్రి నుంచే పక్క తడిపాడు. మా అమ్మ వాడి బొంతనూ అదే తీగ మీద ఆరేసింది. ఆ తీగ సంగతి ఇంట్లో పెద్దవాళ్లకు కాక తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

అది విత్తనానికి వేరుశనగ కాయలు ఒలిచే కాలం. మా పడసాలలో కాయల కుప్ప చుట్టూ వీధిలోని ఆడవాళ్లు, పిల్లలు కూర్చుని ఒలిచేవారు. తాత ఒక పక్కన కూర్చుని ఒలిచిన గింజల్లో ముడతపడ్డవి, పురుగు తొలిచినవి ఏరి పారేసేవాడు. అక్కడ ఒకటే కట్టుబాటు. విత్తనపు గింజను ఎవరూ నోట్లో వేసుకోకూడదు. కరువులో ఒక గింజ తింటే ఒక చెట్టును తిన్నట్టేనని తాత అనేవాడు. ఆకలి కడుపులతో కూర్చున్న పిల్లలం కూడా ఆ మాట దాటేవాళ్లం కాదు.

ఒక మధ్యాహ్నం పక్కింటి అక్క ఆకాశం వంక చూసి, "ఈ వాన యప్పుడు పడ్తాదో," అంది. అందరినీ నవ్వించాలన్న దురద తప్ప నాకు వేరే కారణం లేదు.

"మా ఇంట్లో రేతిరే పడినాదక్కా. వీని బొంత మీద పడినాది. నమ్మకపోతే పోయి సూడు, వామి ఎనక ఆరేసినారు," అన్నాను.

పిల్లలంతా పకపకా నవ్వారు. "తాలూకా అంతా కరువైతే వీనికొక్కనికే వానప్పా," అన్నాడు ఒకడు. మా మరిది ఏడవలేదు. తలవంచుకుని బొటనవేలితో కాయలు చిదుపుతూనే ఉన్నాడు. మరునాటి నుంచి వాడు పడసాలలోకి రాగానే ఎవరో ఒకరు, "ఏంరా, రేతిరి వానెంత పడినాది?" అని అడిగేవారు. ఆ ఆట నేర్పినవాణ్ణి నేను. ఆపగలిగినవాణ్ణీ నేనే. ఆపలేదు.

నాలుగో రోజు వాడు కూర్చున్నవాడు కూర్చున్నట్టే కుప్ప మీదికి ఒరిగిపోయాడు. పెదవులు పగిలి ఉన్నాయి. మా అవ్వ పరుగున చెంబుతో నీళ్లు తెచ్చి నోటి దగ్గర పెడితే చేత్తో తోసేశాడు.

"వద్దవ్వా. తాగితే వాన పడ్తాది," అన్నాడు.

అప్పుడు తెలిసింది, వాడు మధ్యాహ్నం దాటాక నీళ్లు ముట్టడం మానేశాడని. ఆ ఎండల్లో, ఆరేళ్లవాడు. అవ్వ వాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని బతిమాలి గుక్క గుక్కగా తాగించింది. తాత గింజలు ఏరడం ఆపి నా వైపు చూశాడు. ఆయన అనబోయే మాట నాకు తెలుసు. 'నీ బొంత మీద ఎన్నేండ్లు పడినాదిరా?' అని ఒక్క మాట అంటే వీధిలో నా మొనగాడితనం అక్కడితో సరి. నేను ఆ మాట కోసం ఎదురుచూశాను. ఆయన అనలేదు.

సాయంత్రం నన్ను పిలిచి, "నాకు మోకాళ్లు నొస్తా ఉండాయప్పా. ఇంగ పెద్ద కావలోడివి నువ్వే. వాణ్ణి పిల్సుకొని పోయి పని నేర్పించు," అన్నాడు. అంతే.

ఆ రాత్రి నేనే లేచి వాణ్ణి లేపాను. వాడు నా చొక్కా అంచు పట్టుకుని వెనకే వచ్చాడు. గొర్రెల్ని తెలుగులో లెక్కపెట్టి పది దగ్గర ఆగిపోతే మిగతావి నేను అందించాను. కంచె మూలకు తీసుకుపోయి, "ఈడ పోసుకో. మనిషి వాసన తగిల్తే తోడేలు..." అన్నాను. అక్కడ ఆగి లైటు తిప్పి కంచె చుట్టూ చూశాను. కండ్లు కనపడని తాత పొద్దంతా గింజల్లో పురుగు తొలిచిన బెజ్జాలు ఎలా చూస్తున్నాడు? ఇన్ని రాత్రులు కాసిన నేను ఒక్క తోడేలునైనా చూశానా? ఆ లైటు నా చేతికి ఎందుకొచ్చిందో ఆ మూలన నిలబడి తెలుసుకున్నాను. రెండేళ్లుగా కాపాడింది నేను గొర్రెల్ని కాదు, తాత నన్ను. వాడు నా ముఖం వంక చూస్తూ ఉన్నాడు. మిగతా మాట పూర్తిచేసి, నేనూ వాడి పక్కన నిలబడ్డాను.

మరునాడే నేను నోరు తెరవాల్సింది. మూడు రోజులు తెరవలేదు. ఆ మూడు రోజులూ పిల్లలు వాన సంగతి అడుగుతూనే ఉన్నారు, నేను కాయల మీద చూపు నిలిపి విననట్టు కూర్చున్నాను. తెలియక చేసిన ఎగతాళి కంటే తెలిసీ ఊరుకున్న ఆ మూడు రోజులే నన్ను ఇప్పటికీ ఎక్కువ బాధిస్తాయి.

నాలుగో రోజు ఎదురింటి పిల్లవాడు మళ్లీ అడిగాడు. నేను చేతిలోని కాయను కింద పెట్టాను.

"వాన్నెందుకు అడుగుతావు, నన్నడుగు. ఎనిమిదేండ్లు వచ్చేదాకా నా బొంత మీద పడినాది. ఆ వామి ఎనక తీగ నాకోసం కట్టిందే."

మా మరిది చెయ్యి కాయ మీదే ఆగిపోయింది. పక్కింటి అక్క నవ్వి, "అట్లైతే మా ఇంట్లో కూడా పడ్తాదిలే, మా తమ్ముని మీద," అంది. ఆమె తమ్ముడు లేచి పారిపోయాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో మా మరిది కూడా ఉన్నాడు.

తాత ఒలిచిన కుప్పలో చెయ్యి పెట్టి, పుచ్చు ఏరినట్టు ఏరి, నిండైన గింజలు నాలుగు తీశాడు. నా అరచేతిలో పోసి, "తిను," అన్నాడు. విత్తనపు గింజలు. కుప్ప చుట్టూ ఉన్నవాళ్లంతా చూస్తున్నారు. రెండు నేను తిని రెండు మా మరిదికిచ్చాను. వాడు నమిలి మింగి, అవ్వ చెంబు అందుకుని గటగటా నీళ్లు తాగాడు. ఆ తర్వాత బడిలో మెచ్చుకోళ్లు అందుకున్నాను, ఉద్యోగం చూశాను. ఆ నాలుగు గింజల ముందు అవేవీ నిలవవు.

ఆ రాత్రితోనే వాడి పక్క పొడిగా మారిపోలేదు. మారడానికి నెలలు పట్టింది. తడిసిన పొద్దున తానే బొంత చుట్టుకుని తీగ దగ్గరికి పోయేవాడు, ఈసారి అందరూ చూస్తుండగా, వామికి ముందు వైపు నుంచే.

ఇంత నేర్చుకున్నవాణ్ణి, నా కొడుకు అయిదేళ్లప్పుడు చుట్టాలింట్లో పక్క తడిపితే నలుగురి ముందూ గద్దించాను. పరువు పోయిందనుకున్నాను. వాడు ఆ పూట నీళ్ల గ్లాసు పక్కకు నెట్టడం చూసి నాకు మా మరిది గుర్తొచ్చాడు. ఆ రాత్రే వాడి పక్కన కూర్చుని నా బొంత కథంతా చెప్పి, తప్పు నాదేనని ఒప్పుకున్నాను.

ఇప్పుడు మా మరిది ఒకప్పటి మా చేలల్లో పరచిన సోలార్ పలకలకు కావలి కాస్తున్నాడు. మొన్న ఊరికి పోయినప్పుడు ఆ రోజులు తలచుకుని నవ్వుకున్నాం. "తోడేలు కత నేను ఆ పొద్దే నమ్మలేదు బావా," అన్నాడు వాడు. "అందరి ముందర నీ బొంత సంగతి చెప్పినావు సూడు, ఆ రేతిరి నిద్ర పట్టినాది నాకు."

మా ఇంట్లో ఇప్పుడు ఏ పసిబిడ్డ తడి పక్క మీద లేచి తల దించుకున్నా, ముందుగా నేను నా బొంత సంగతి చెబుతాను. బ్యాటరీ లైటు తీసేది ఆ తర్వాతే.