వినపడని చెవిలో దరువు

దయ్యాల మీద నాకు ఎన్నడూ నమ్మకం లేదు. మా రేడియోలో శ్రోతలు ఫోన్ చేసి దయ్యం కథలు చెప్పే కార్యక్రమం ఒకటి ఉండేది. ఆ కథల వెనక తలుపు కిర్రుమనే చప్పుడూ, కుక్క ఏడుపూ కలిపింది నేనే. భయాన్ని చేతులతో తయారుచేసేవాడికి భయం వేయదు. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ బయట చెప్పుకోలేకపోయాను.

మాది శంషాబాద్ దగ్గర సాతంరాయి. పెళ్లి బరాత్‌లలో డీసీఎం వ్యాను మీద సౌండు బాక్సులు కట్టి పాటలు పెట్టేవాణ్ణి. తర్వాత ఫంక్షన్ హాళ్లు, ఎయిర్‌పోర్టు చుట్టూ ఉన్న ఫాంహౌసులు. అక్కడ పాటల మధ్య మైకులో నా మాటలు విన్న ఒకాయన రేడియోకు పిలిచాడు. శనివారం మధ్యాహ్నం డ్యాన్స్ పాటల కార్యక్రమం నాదయింది. అప్పటికే ఏళ్ల తరబడి బాక్సుల పక్కన నిలబడి నా ఎడమ చెవి పోయింది. పరీక్ష చేసిన డాక్టరమ్మ, ఆ చెవికి మిషన్ పెట్టినా లాభం లేదంది. కుడి చెవితోనే నెట్టుకొచ్చాను.

మా బాపు చర్చిలో డోలక్ వాయించేవాడు. క్రిస్మస్ ముందు ఇంటింటికీ పాటలు పాడుకుంటూ తిరిగేటప్పుడు ఆయన దరువే ముందు నడిచేది. మూడు దెబ్బలు గబగబా వేసి, నాలుగోది వేయాల్సిన చోట ఆగేవాడు. ఇక వేయడులే అని మనం అనుకున్నాక వేసేవాడు. నా దగ్గర ఎన్ని మిషన్లున్నా ఆ ఆగడం నాకు పట్టుబడలేదు.

అమ్మ పోయాక ఆయనకు మతిమరుపు మొదలైంది. ముందు దారులు మర్చిపోయాడు. తర్వాత నన్ను చూసి, ఎవరి పిలగానివని అడగసాగాడు.

ఎండాకాలంలో ఒక గురువారం పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి గేటు తెరిచి ఉంది. బాపు లేడు.

బడంగ్‌పేట్ నుంచి మా అక్క సువార్త, బావ వచ్చారు. హైవే మీద హోటళ్లు, బస్‌స్టాపులు, దవాఖానలు అన్నీ తిరిగాం. ఒక కొట్టు కెమెరాలో ఆయన ఎయిర్‌పోర్టు వైపు నడిచిపోతూ కనిపించాడు. ఆ తర్వాత ఎక్కడా లేడు. మర్నాడు పోలీసులు ఒక శవాన్ని చూడమని పిలిచారు. బాపు కాదు. అక్క దేవునికి స్తోత్రం అంది. వెంటనే, ఆ మనిషిని వెతికేవాళ్లు ఎవరో పాపం అని గోడకు ఆనుకుని ఏడ్చింది. ఆ ఎండల్లో నీళ్లు లేకుండా మనిషి ఎంతసేపు ఉంటాడని బావ అనబోతే అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

శనివారం నేను స్టూడియోకు పోయాను. రావద్దనే అన్నారు. కానీ మా బాపు గురించి అంతమందికి ఒక్కసారిగా చెప్పే దారి నాకు ఇంకొకటి లేదు. తెల్ల చొక్కా, గళ్ల లుంగీ, ఎవరికైనా కనబడితే కూర్చోబెట్టి నీళ్లివ్వండి అన్నాను. అక్కడికి ఆపి మైకు ముందునుంచి మొహం తిప్పేసుకున్నాను. ప్రొడ్యూసర్ స్వప్న గారు వెంటనే పాట పెట్టేసింది.

అప్పుడు విన్నాను. ఎడమ చెవిలో.

ఖాళీ రేకు మీద చేత్తో కొడుతున్న చప్పుడు. మూడు గబగబా. ఆగడం. తర్వాత ఒకటి. దాని మీదుగా విమానం చాలా కిందినుంచి పోతున్న హోరు. పాట వేరే లయలో నడుస్తోంది, ఇది వేరు. హెడ్‌ఫోన్ తీస్తే పోయింది. పెట్టుకుంటే మళ్లీ వచ్చింది. స్వప్న గారికిచ్చి పెట్టుకోమన్నాను.

"పాట ఒక్కటే వస్తోందండీ," అంది. ఆమె నా మొహం చూసి భయపడింది.

పాట నడుస్తుండగానే బయటికొచ్చి బావకు ఫోన్ చేశాను.

"బావా, విమానాలు నెత్తిమీదికెళ్లి దిగేకాడ రేకుల రూములు యాడున్నయ్?"

"మహేశ్వరం దిక్కు ప్లాట్లు చేసిన్రు గదా, ఆడుంటయ్. గట్లెందుకు అడుగుతున్నవ్?"

"నువ్వు ఆడికి పా. నేనొస్తున్న."

హద్దురాళ్లు తప్ప చెట్టూ మనిషీ లేని చోట్లన్నీ తిరిగాం. చివరికి పనివాళ్లు ఎప్పుడో వదిలేసిపోయిన రేకుల గది ఒకటి కనిపించింది. తలుపు మూసుకుని, కింద మట్టిలో ఇరుక్కుపోయి ఉంది. బావ, నేను కలిసి లాగితే ఊడి వచ్చింది. లోపల బాపు నేల మీద పడి ఉన్నాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, బావ వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేశాడు. ఊపిరి ఉంది.

దవాఖానలో డాక్టర్ చెప్పిన మాట ఇది. పడిపోవడంతో రెండు మణికట్లూ విరిగాయి, తలకూ దెబ్బ తగిలింది. వాపు చూస్తే నిన్నటి దెబ్బ. అప్పటినుంచీ స్పృహలో ఉండే అవకాశం లేదు. ఆ చేతులతో రేకు మీద కొట్టగలడా అని అడిగాను. గ్లాసు కూడా ఎత్తలేడని చెప్పి, నన్ను జాలిగా చూశాడు.

ఆ రోజు కార్యక్రమం రికార్డింగ్ చాలాసార్లు విన్నాను. నా మాటలు ఉన్నాయి, పాట ఉంది. ఇంకేమీ లేదు. చెవి మళ్లీ పరీక్ష చేయించుకున్నాను. అది అప్పటికీ ఇప్పటికీ రాయే.

బాపుకు తెలివి వచ్చాక ఒక పొద్దున నా పేరు పెట్టి పిలిచాడు. పేరు పలకడం అదే ఆఖరు, వానలు వెనకబట్టేలోపే పోయాడు. ఆ పొద్దున మంచం మీద కూర్చుని మెల్లగా అడిగాను.

"బాపూ, ఆ రేకు మీద దరువేసినవా?"

ఆయన కట్లు కట్టిన చేతులు చూసుకున్నాడు. తర్వాత నన్ను చూశాడు.

"నేనేడ ఏసిన? బయటినుంచి నువ్వే గదరా కొట్టింది. ఇగ నా కొడుకొచ్చిండు, తలుపు తీస్తడని పండుకున్న."

ఆ మాట అక్కకు చెప్పాను. ఆమె ప్రార్థన చేసుకుంది. నేను ఆ సమయంలో స్టూడియోలో హెడ్‌ఫోన్ పట్టుకుని కూర్చున్నాను, స్వప్న గారు సాక్షి. ఆయన చేతులు విరిగి ఉన్నాయి, డాక్టర్ సాక్షి. ఇద్దరం ఒకే దరువు విన్నాం. కొట్టిందెవరో ఇప్పటికీ నాకు తెలియదు.