అద్దె కారులో వెనక్కి జరిగిన సీటు

దయ్యాలంటే నాకు నవ్వు. గొప్పకు చెప్పడం లేదు, నా ఉద్యోగమే అట్లాంటిది. యాక్సిడెంటయిన బండ్లను చూసి, యజమాని చెప్పే కథకూ బండి మీదున్న సొట్టకూ పొంతన ఉందో లేదో తేల్చి ఇన్సూరెన్సు వాళ్లకు రిపోర్టు రాయడం నా పని. కర్నూలు నుంచి కడప దాకా ఆ రోడ్డు మీద నేను వినని దయ్యం కథ లేదు. తెల్లచీర అడ్డమొచ్చిందని ప్రమాణం చేసినవాడి బండిలో నాకు కనబడేది అరిగిపోయిన బ్రేకులే. ఇప్పుడు చెప్పబోయేది కూడా రిపోర్టు రాసినట్టే రాస్తాను. నమ్మమని ఎవరినీ అడగను.

మా బావ, అంటే మా అక్క భర్త, ఓర్వకల్లు దగ్గర ఒక ఫ్యాక్టరీకి బస్సు నడిపేవాడు. ఆరడుగుల మనిషి. ఆ రాతిగుట్టల మధ్య ఎండలో తిరిగి తిరిగి ఆయనకు మంచు పిచ్చి పట్టింది. ఫోనులో ఎప్పుడు చూసినా మంచు మీద జారే ఆటే. "ఏమప్పా, మనం పోలేమా ఆడికి? పోయేవోళ్లేమన్నా ఆకాశం నుంచి ఊడిపడినారా?" అనేవాడు నాతో.

అది డబ్బున్నోళ్ల ఆట బావా అంటే వినలేదు. కూర్చుని ప్లాను వేశాడు. పేరున్న చోట్ల మనకు అందవు గనక, సిమ్లా దాటి ఇంకా పైకెక్కితే వచ్చే ఒక చిన్న ఊరు వెతికిపట్టాడు. అక్కడ స్కీలు అద్దెకిస్తారు, ఎట్లా జారాలో నేర్పిస్తారు. చండీగఢ్ దాకా రైలు, అక్కణ్నుంచి అద్దె కారు, నడిపేది తనే. హోటలు కాదు, ఒకాయన ఇంట్లో గది. తినడానికి ఇంటి నుంచే జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి.

అంతటితో ఆగాడా? నూనెమిల్లు వెనక శెనక్కాయ పొట్టు కుప్ప ఉంటే, కాళ్లకు చెక్కలు కట్టుకుని దాని మీద ప్రాక్టీసు చేశాడు. మిల్లులో హమాలీలు పని ఆపి మరీ చూశారు. సగం దూరం జారి, తలకిందులుగా పొట్టులో కూరుకుపోయాడు. అక్క ఆయన బనియన్లలోంచి పొట్టు ఏరుతూ తిట్టింది, తిడుతూ నవ్వింది.

అక్క సంగతి ఇక్కడే చెప్పాలి. మాది ఎమ్మిగనూరు, మగ్గం నేసే కుటుంబం. చిన్నప్పటి నుంచి మగ్గం గుంతలో కాళ్లు పెట్టి నేసీ నేసీ అక్కకు నడుం పాడైంది. అందుకని ఏ కారులో పోయినా బావ ముందు ఒక పని చేసేవాడు. ఎడమవైపు ముందు సీటు కాస్త వెనక్కి వాల్చి, గొంగడి మడతపెట్టి నడుం ఆనే చోట ఉంచేవాడు. ఆ తర్వాతే అక్క కూర్చునేది. బండి ఊరు దాటకముందే నిద్రపోయేది.

చలికాలానికి పోదామనుకున్నాం. దానికి కొంచెం ముందు, ఒక మధ్యాహ్నం బావ డ్యూటీ దిగి వేపచెట్టు కింద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె ఆగిపోయిందన్నారు.

ఆ రోజు నుంచి అక్కకు నిద్ర లేదు. డాక్టరు మాత్రలిచ్చాడు, అవీ పనిచేయలేదు. మగ్గం ముట్టలేదు, అన్నం సరిగా తినలేదు, మనిషి సగమైంది. "ఆయన నడపని కారు నేనెక్కనురా" అని ఆసుపత్రికి కూడా బస్సులోనే వచ్చేది. మా మేనకోడలు భార్గవి డిగ్రీ చదువుతోంది. ఒకరోజు నాకు ఫోను చేసి, "మామా, ఇట్లనే ఉంటే అమ్మ కూడా నాకు దక్కదు" అని ఏడ్చింది. ఆ ఏడుపుకు నాకు భయమేసింది.

నాయన వేసిన ప్లాను ప్రకారమే మనం పోదామన్నది కూడా భార్గవే. చుట్టాలు ఒప్పుకోలేదు. ఏటి మైల ఉండగా కొండ ఎక్కకూడదన్నారు. అది దేవుడి కొండకే గానీ మంచు కొండకు కాదని మా చిన్నాన్న అంటే, హిమాలయమంటే శివుడి ఇల్లు కాదా అని మా పెద్దమ్మ ఎగిరింది. ఎందుకొచ్చిన గొడవని సంవత్సరీకం అయ్యేదాకా ఆగి, మరుసటి చలికాలం బయల్దేరాం. అక్క ఒక్కమాట మీద ఒప్పుకుంది. ఆయన చూడాలనుకున్నది నేనన్నా చూసొస్తా, దానికోసం కారైనా ఎక్కుతా అంది.

చండీగఢ్‌లో కారు తీసుకున్నాను. అంతకుముందు ఎవరు గీరినా మన నెత్తినే రుద్దుతారు కాబట్టి లోపలా బయటా ఫోటోలు తీశాను. వృత్తి అలవాటు, రోజూ సాయంత్రం బండి ఆపాక కూడా తీసేవాణ్ని. నేను పొట్టివాణ్ని. సీటు బాగా ముందుకు లాక్కుంటే తప్ప క్లచ్ అందదు. అక్క వెనక సీట్లో, గొంగడి కప్పుకుని, కళ్లు తెరుచుకునే కూర్చుంది. నేను ముందు సీటు వాల్చబోతే వద్దంది.

ఆ ఊరి పేరు చెప్పను. మాకు గది ఇచ్చిన పెద్దాయన మంచివాడు, ఆయన ఇంటికి లేనిపోని పేరు రావడం నాకిష్టం లేదు.

మొదటి రోజు పొద్దున కారు తలుపు తీస్తే డ్రైవరు సీటు పూర్తిగా వెనక్కి జరిగి ఉంది. లోపలి అద్దం పైకి తిప్పి ఉంది. భార్గవి పాటలు వినడానికి కూర్చుందేమో అనుకుని, సీటు ముందుకు లాక్కున్నాను.

రెండో రోజూ అంతే. భార్గవిని కోప్పడ్డాను. "నేనెందుకు ముట్టుకుంటా మామా, తాళం నీకాడే ఉండాదే" అంది. నిజమే, తాళం నా దిండు కింద ఉంది. కింది పట్టాలు అరిగి సీటు దానంతటదే జారుతోందేమోనని చూశాను. గట్టిగానే ఉంది. పైగా కారు పల్లానికి ముఖం పెట్టి ఉంది. జారితే సీటు ముందుకు జారాలి.

అక్కకు ఏమీ చెప్పొద్దని భార్గవితో అన్నాను. ఆ రోజంతా మంచులోనే గడిపాం. భార్గవి లెక్కలేనన్నిసార్లు పడింది. నేను ఒక్కసారి పడి, లేవలేక, అక్కడే కాసేపు ఉన్నాను. అక్క కుర్చీలో గొంగడి చుట్టుకుని చూసింది. నవ్వుతుందనుకున్నాను. "ఆ పొట్టు కుప్పే శానా మేలు" అని మాత్రం అంది.

తిరుగు ప్రయాణానికి ముందు సాయంత్రం మేమొక తెలివితక్కువ పని చేశాం. ప్రయాణానికి ముందు బండి కడగడం మా ఇంట్లో ఆనవాయితీ. దుమ్ము బండి తీయడం బావకు అసలు పడేది కాదు, ఫ్యాక్టరీ బస్సును కూడా కడిగే తీసేవాడు. నేనూ భార్గవీ బకెట్లతో నీళ్లు మోసి, కారును శుభ్రంగా కడిగాం. పెద్దాయన ఇంట్లో లేడు, ఉంటే ఆపేవాడు. మా కర్నూలులో కడిగిన బండి పది నిమిషాల్లో ఆరిపోతుంది. ఎప్పటిలాగే ఫోటోలు తీసి, తాళం వేశాను.

తెల్లారి చూస్తే కారు మొత్తం గాజు పెంకులో పెట్టినట్టు ఉంది. నాలుగు తలుపుల సందులూ మంచుగడ్డతో పూడిపోయాయి. పెద్దాయన తల పట్టుకుని, ఈ చలిలో బండికి స్నానం చేయించేవాళ్లను మిమ్మల్నే చూశానని హిందీలో నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. తలుపుల చుట్టూ ఒక్కో సందూ వేలితో తడిమి చూశాను. గడ్డ యాడా పగల్లేదు. ముందురోజు సాయంత్రం నుంచి ఆ తలుపులు ఎవరూ తీయలేదు, తీసే వీలు లేదు. నా ఇరవై ఏళ్ల సర్వీసు మీద ఒట్టేసి చెప్పగలను.

పెద్దాయన గోరువెచ్చని నీళ్లు కొంచెం కొంచెంగా పోసి, భుజంతో నెట్టి తలుపులు తెరిచాడు.

డ్రైవరు సీటు పూర్తిగా వెనక్కి జరిగి ఉంది. అద్దం పైకి ఉంది. ఎడమవైపు సీటు కాస్త వెనక్కి వాల్చి ఉంది. ముందురోజు వెనక సీటు మీద పరిచి వదిలేసిన గొంగడి, మడతలు పెట్టి, నడుం ఆనే చోట ఉంది.

భార్గవి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మేమిద్దరం ఏదో ఒకటి అనేలోపే అక్క వచ్చి, ఏ ఆలోచనా లేకుండా, ముందు సీట్లో కూర్చుంది. వెనక్కి ఆనుకుంది.

"ఎవురప్పా సీటు వాల్చినది? నడుముకు సరింగా ఉండాది" అంది.

"నేనే అక్కా" అన్నాను.

నా సీటు ముందుకు లాక్కుంటే గానీ బండి తీయలేను. చెయ్యి కింద పెట్టి కూడా లాగలేకపోయాను. చివరికి మనసులో, రవ్వంత జరుగు బావా, అనుకున్నాను. దయ్యాలంటే నవ్వే మనిషిని, అట్లా అనుకున్నాను. అప్పుడు లాక్కున్నాను.

రెండు మలుపులు దిగేసరికి అక్క నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుని, చిన్నగా గురకపెడుతూ, చండీగఢ్ దాకా లేవలేదు. వెనక భార్గవి ఏడుస్తూనే ఉంది, శబ్దం రాకుండా.

కారు కడిగిన సాయంత్రం తీసిన ఫోటోలు నా ఫోనులో ఇంకా ఉన్నాయి. వాటిలో సీటు ముందుకే ఉంది, గొంగడి వెనకే ఉంది. ఇంకెవడైనా ఇట్లాంటి క్లెయిము తెస్తే అబద్ధమని రాసి పంపేవాణ్ని. నా రిపోర్టులో కారణం రాసే గడి ఖాళీగానే ఉంది.

అక్క ఇప్పుడు మళ్లీ నేస్తోంది, కారెక్కుతోంది. మొన్న ఒంటిమిట్టకు పోతూ, "ఆ పొద్దు వాల్చినట్ల వాల్చప్పా" అంది నాతో. వాల్చాను. గొంగడి మడతపెట్టి ఉంచాను. ఆనుకుని చూసి, లేచింది. మళ్లీ సర్దాను. మడత మార్చాను, సీటు ఇంకొంచెం దించాను, పైకి తెచ్చాను. భార్గవి వెనక సీట్లోంచి నన్నే చూస్తోంది.

"ఇట్ల కాదు లేరా" అంది అక్క, "ఆ పొద్దు శానా బాగా పెట్టినావు."