పదును తీసిన చాకు

సానపట్టే ముసలాయన ఎవరింటి గడప తొక్కినా ముందు వంటింటి కత్తుల వంకే చూస్తాడు. మొద్దుబారినది కంటబడితే ఎవరూ అడగకుండానే, కూలి మాటెత్తకుండానే నూరిపెట్టి పోతాడు. చక్రం తొక్కీ తొక్కీ ఆయన కుడికాలు వంకరపోయింది. పరాయి దేశంలో ఉన్న తమ్ముడి కూతురు, “నాన్న చేతి వస్తువు ఏదైనా ఒక్కటి పంపు పెదనాన్నా” అని ఫోనులో ఏడిస్తే, పోయిన తమ్ముడి మడతచాకు వెతికి తీశాడు. అలవాటు కొద్దీ, వెంట్రుక తెగేంత పదును పెట్టి మరీ పార్సిలు కట్టాడు. కస్టమ్స్ వాళ్ళు దాన్ని నిలిపివేసి, ఆయనను పిలిపించారు.

“పదునుంటే ఆయుధం, లేకుంటే జ్ఞాపిక. రూలు అంతే పెద్దాయనా. పదును తీసి తెస్తావా, చెత్తలో వెయ్యమంటావా?” అన్నాడు అధికారి.

“వాళ్ళ నాన్న ఇంత మొండికత్తి మోసుకు తిరిగాడా అనుకోదుటయ్యా పిల్ల?”

“అనుకోనీ. పోనీ, మమ్మల్ని తీయమంటావా? ఆ విద్య నీదేగా!”

గుమాస్తాలు పకపకా నవ్వారు. ముసలాయన బయట మెట్ల పక్కన నిలిపిన తన చక్రం దగ్గరికి వెళ్ళి, చాకును రాయికి నిలువుగా ఆనించి తొక్కాడు. రాయి కీచుమని అరిచింది. తిరిగొచ్చాక అధికారి ఆ అంచును కాగితం మీద లాగి చూశాడు. కాగితం నలిగిందే గాని తెగలేదు.

“భేష్! పనిమంతుడివయ్యా!” అంటూ ముద్ర వేశాడు.

ఇన్నేళ్ళలో ఏ అధికారీ ఆయన పనిని మెచ్చుకున్న పాపాన పోలేదు. మెచ్చుకున్న ఈ ఒక్కడికీ నమస్కారం పెట్టడానికి ఆయన చేతులు లేవలేదు.