చెరిసగం అన్న పాపానికి

ఆ రోజుల్లో తార్నాకలో ఉండి లా చదివేవాడికి పుస్తకం తెరవాల్సిన అవసరం అంతగా ఉండేది కాదు. ఉద్యమం ఉధృతంగా ఉంది, క్యాంపస్‌లో క్లాసులకన్నా బందులే క్రమం తప్పకుండా జరిగేవి. (నాకది కష్టంగా ఉండేదంటే అబద్ధమవుతుంది.) అయినా మేడమీద నాకు గది అద్దెకిచ్చిన అంకుల్, ఆంటీ నన్ను ‘లాయరు బాబు’ అనేవారు, నేను అనిపించుకునేవాణ్ని. ఆంటీది వరంగల్, అంకుల్‌ది భీమవరం. మా క్యాంపస్‌లోనే ప్రేమించి పెళ్లి చేసుకున్నారు.

ఒక సాయంత్రం టీవీలో విభజన చర్చ చూస్తూ ఇద్దరికీ మాట పెరిగింది. “అంత కష్టంగా ఉంటే మనమూ విడిపోదాం,” అన్నారు అంకుల్. “విడిపోదాం తియ్యి. మరి ఇల్లెవరికొస్తదో తేలాలె గదా. లాయరు బాబూ, నువ్వు చెప్పు,” అంది ఆంటీ. నా నోట్లో ఆవిడ చేసిన సర్వపిండి ఉంది. “పెళ్లయ్యాక కొన్నదంతా చెరిసగం,” అన్నాను, చట్టం నమిలి మింగినవాడిలా. (ఏదో ఇంగ్లీషు సినిమాలో చూశాను.)

మర్నాడే పంపకం మొదలైంది. వంటిల్లు ఆంటీకి, హాలు అంకుల్‌కి, ఫ్రిజ్ ఉమ్మడి రాజధాని. సాయంత్రానికి అంకుల్ మెట్లెక్కి వచ్చారు. “ఏమోయ్, మేడ నా వాటాలోకొచ్చింది. నాకూ ఓ వంటిల్లు కావాలిగా. త్వరగా ఖాళీ చేసెయ్.”

పరీక్షల ముందు గది పోతే క్యాంపస్ పక్కన మాణికేశ్వర్ నగర్ ఇరుకు గదుల్లో ఎవరి చాపమీదో సర్దుకోవాలి. హాస్టల్‌కి పరుగెత్తి మా సీనియర్ అన్నని పట్టుకున్నాను. “చెరిసగమని ఎవడు చెప్పిండ్రా? మన దగ్గర గట్ల లేదు. పెండ్లయినా, విడాకులైనా ఎవరి పేరు మీదున్నది వాళ్లదే. ఇల్లు ఎవరి పేరు మీదున్నదో ముందుగాల అడిగినవా?” అన్నాడు.

వెళ్లి అడిగాను. అంకుల్ ముఖం పాలిపోయింది. ఆడవాళ్ల పేరున కొంటే కలిసొస్తుందని వాళ్లమ్మ చెబితే, ఇల్లంతా ఆంటీ పేరునే రిజిస్టర్ చేయించారట.

“అంటే మొత్తం నాదేనా?” ఆంటీ ఆ మాటను కాసేపు చప్పరించింది.

“మరి నేను?” అన్నారు అంకుల్, హాలు మధ్యలో నిలబడి. ఆయన నిజంగానే భయపడ్డారు.

“నువ్వెక్కడికి పోతవ్? ఉండు. గని రిమోట్ నా దగ్గరుంటది. పైనున్న పిలగాన్ని ఎల్లగొట్టే ముచ్చట మళ్ల ఎత్తకు.”

అంకుల్ బుద్ధిగా రిమోట్ అందించారు.

రాష్ట్రం విడిపోయింది, వాళ్లు విడిపోలేదు. నేను మాత్రం విడాకుల కేసులు చూసే లాయర్నయ్యాను. ఇల్లెవరిదని ఎవరైనా అడిగితే, కాగితాలు చూడాలి, విచారించాలి అంటూ నసుగుతాను. ఒక్క పేజీ చదవకుండా ఒక కాపురానికి తీర్పిచ్చేసిన ఆ కుర్రాణ్ని తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ ధీమా చూసి, కొంచెం అసూయ కూడా.